అమెరికా అరుగు, ఫ్రాన్స్ ప్రహరీగోడ



జనక్‌పురిలోని మన తెలుగు తరగతిలో ఎవరెవరు ఎక్కడి నుంచి వచ్చారో చెప్పమంటే భారతదేశ పటం సగం నిండుతుంది. ఒకరు విశాఖ నౌకాదళ కాలనీ నుంచి వచ్చారు, ఒకరు ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్ నుంచి, ఒకరు జోధ్‌పూర్ కంటోన్మెంటు నుంచి, ఇంకొకరు సికింద్రాబాద్ నుంచి. అమ్మకో నాన్నకో బదిలీ ఆర్డరు రాగానే ట్రంకు పెట్టెలు సర్దుకుని బయలుదేరడం మీకు అలవాటే. మాకూ అలవాటే.

కొత్త ఊరికి వచ్చిన మొదటి నెలలో ప్రతి పిల్లవాడి నోటా ఒక మాట వినిపిస్తుంది. “ఇక్కడివాళ్లకు మర్యాద తెలియదు” అంటారు. లేదా “ఇక్కడ ఎవరూ నాతో కలవరు” అంటారు. పనిచేసిన ప్రతి ఊళ్లోనూ మేము ఈ మాట విన్నాం. మన గురించి ఇతరులు అనగా కూడా విన్నాం: “మీ తెలుగువాళ్లు చెప్పకుండానే ఇంటికి వచ్చేస్తారేమిటి?” అని. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఒక సమాజపు అలవాటును మనిషి మనసుగా పొరబడితే ఇలాగే అవుతుంది.

ఈ సంగతిని మన ఊళ్లతోనే చెప్పబోతే వెంటనే పక్షాలు ఏర్పడతాయి. ఆంధ్ర గొప్పా, తెలంగాణ గొప్పా, ఢిల్లీ గొప్పా అని తగవు మొదలవుతుంది. అందుకని ఈ పాఠంలో మనవి కాని రెండు దేశాలను తీసుకుందాం. అవి అమెరికా, ఫ్రాన్స్. దూరం నుంచి చూస్తే కోపం రాదు, విషయం కనబడుతుంది.

రెండు దేశాలూ మన వాకిట్లోకి వచ్చినవే

దూరదేశాలు అన్నాం గానీ, రెండూ తెలుగునేల మీద అడుగుపెట్టినవే. ఫ్రెంచివాళ్లను మన పెద్దలు ‘పరాసులు’ అనేవారు. గోదావరి గౌతమీ పాయ ఒడ్డున, కాకినాడకు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న యానాంలో వాళ్లు 1723లో వర్తకం మొదలుపెట్టి, మధ్యలో వదిలేసి, 1731లో మళ్లీ వచ్చి స్థిరపడ్డారు. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచి సేనాని బుస్సీకి అప్పగించాడు. 1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధంలో కోట మీదికి ఫిరంగులు ఎక్కుపెట్టింది ఆ బుస్సీ సైన్యమే. హైదరాబాద్ మెట్రోలో మూసారాంబాగ్ స్టేషన్ దిగినవాళ్లు మీలో ఉండే ఉంటారు. నిజాం కొలువులో ఫిరంగులు పోతపోయించిన రేమండ్ అనే ఫ్రెంచి సేనాని పేరే జనం నోట నలిగి ‘మూసా రాం’ అయిందని చెబుతారు. ‘మొస్యూ’ అంటే ఫ్రెంచిలో ‘అయ్యగారు’ అని అర్థం. రేమండ్ 1798లో మరణించాడు. ఆయన సమాధి ఇప్పటికీ మలక్‌పేట దగ్గర గుట్ట మీద ఉంది.

అమెరికావాళ్లు సైన్యంతో కాక బడులతో, ఆసుపత్రులతో వచ్చారు. హేయర్ అనే లూథరన్ ఫాదరీ 1842 జులై 31న గుంటూరు చేరాడు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885 నాటిది. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ మొదలుపెట్టిన ఆసుపత్రిని గుంటూరువాళ్లు ఇవాళ్టికీ ‘కుగ్లర్ ఆసుపత్రి’ అంటారు. ఒంగోలులో ఉన్న జాన్ క్లౌ 1876–78 నాటి పెద్ద కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలిపని ఇచ్చాడు.

అంటే మన తాతముత్తాతలు ఈ రెండు రకాల మనుషులనూ చూశారన్నమాట. ఇక వాళ్ల తీరుల్లో తేడా ఎక్కడుందో చూద్దాం.

ఒకే విత్తనం, రెండు చెట్లు

మనుషులందరూ సమానంగా పుట్టారని అమెరికా 1776లో ప్రకటించింది. ఫ్రాన్స్ 1789లో మానవ హక్కుల ప్రకటన చేసింది. న్యూయార్క్ రేవులో 1886లో నిలబెట్టిన స్వేచ్ఛాదేవత విగ్రహం ఫ్రెంచి ప్రజలు అమెరికాకు ఇచ్చిన కానుక. రెండు దేశాలూ స్వేచ్ఛ, సమానత్వం అనే మాటలనే తలకెత్తుకున్నాయి. కానీ సమానత్వం అంటే ఏమిటి అన్నచోట దారులు చీలాయి. “నువ్వు ఎలా ఉన్నావో అలాగే రా, అందరం పక్కపక్కన ఉందాం” అన్నది అమెరికా ఎక్కువగా చెప్పుకునే మాట. “గుమ్మం దగ్గర నీ తేడాలు విడిచి రా, లోపల అందరం ఒకటే” అన్నది ఫ్రాన్స్ ఎక్కువగా చెప్పుకునే మాట. ఈ ఒక్క తేడాను గుర్తుపెట్టుకుంటే మిగతావి సులువుగా అర్థమవుతాయి.

పలకరింపు

తెలుగు పిల్లలకు ఫ్రెంచి మర్యాద ఇట్టే అర్థమవుతుంది. మనకు ‘నువ్వు’, ‘మీరు’ ఉన్నట్టే వాళ్లకు ‘త్యు’, ‘వూ’ ఉన్నాయి. ఇంట్లోవాళ్లను, స్నేహితులను, చిన్నపిల్లలను ‘త్యు’ అంటారు. కొత్తవాళ్లను, ఉపాధ్యాయులను, దుకాణదారును ‘వూ’ అంటారు. ఒకరిని ఏకవచనంతో పిలవడానికి ఫ్రెంచిలో ప్రత్యేకంగా ఒక క్రియ, బహువచనంతో మన్నించడానికి ఇంకో క్రియ ఉన్నాయి. ‘వూ’ నుంచి ‘త్యు’కు ఎప్పుడు మారాలన్నది అక్కడ చిన్న విషయం కాదు. సాధారణంగా పెద్దవాళ్లే “ఇక ‘త్యు’ అనుకుందాం” అని ముందుకు రావాలి.

ఇంగ్లీషులో అందరికీ ఒకటే ‘యూ’. దాని మీద అమెరికావాళ్లు ఇంకో మెట్టు దిగి, పరిచయమైన నిమిషానికే మొదటి పేరుతో పిలుచుకుంటారు. ఆఫీసులో పై అధికారినీ పేరుతోనే పిలుస్తారు. ‘గారు’ లేకుండా పెద్దవాళ్ల పేరు పలకని మన తెలుగు ఇంజనీర్లకు అమెరికా వెళ్లిన కొత్తలో నోరు తిరగనిది ఇంగ్లీషు కాదు, ఈ పిలుపే.

దుకాణంలోకి వెళ్లామనుకోండి. ఫ్రాన్స్‌లో ముందు “బొంజూర్ మదాం” అనో “బొంజూర్ మొస్యూ” అనో అనాలి, తర్వాతే కావలసింది అడగాలి. అనకుండా ధర అడిగితే ఆమె ముఖం ముడుచుకుంటుంది. “ఫ్రెంచివాళ్లు పొగరుబోతులు” అని పర్యాటకుడు ఇంటికి వచ్చి చెబుతాడు. నిజానికి మర్యాద తప్పింది తానేనని అతనికి తెలియదు. అమెరికాలోనైతే దుకాణంలో అమ్మాయే నవ్వి “హౌ ఆర్ యూ?” అంటుంది. ఫ్రెంచి మనిషి నిజంగానే తన కుశలం చెప్పబోయేసరికి ఆమె తర్వాతి మనిషి వైపు తిరిగిపోతుంది. “ఇదేం నవ్వు? అంతా నటన” అని అతను అనుకుంటాడు. అదీ పొరపాటే. మన ఊళ్లో వీధిలో కనబడినవారు “భోంచేశారా?” అని అడుగుతారు. నిన్న ఏం కూర వండారో చెప్పమని వాళ్ల ఉద్దేశం కాదు కదా! “నిన్ను చూశాను, మనం బాగానే ఉన్నాం” అని చెప్పడమే అది. “హౌ ఆర్ యూ?” కూడా అంతే.

ఢిల్లీలో మీకు రెండు కాక మూడు మెట్లు ఎదురవుతాయి: ఆప్, తుమ్, తూ. పైగా మన అన్నా, అక్కా, పిన్నిగారూ పోయి భయ్యా, దీదీ, ఆంటీ వస్తాయి. అమ్మను ‘నువ్వు’ అనీ నాన్నను ‘మీరు’ అనీ పిలిచే ఇళ్లు మనలో ఉన్నాయి. పెద్దవాళ్లను కూడా ప్రేమగా ‘నువ్వు’ అనే ఊళ్లు తెలంగాణలో ఉన్నాయి. ప్రతి వాక్యం చివర ‘అండి’ చేర్చే గోదావరి ఊళ్లూ ఉన్నాయి. ఒక ఊరి మర్యాదను ఇంకో ఊరి కొలతతో కొలిస్తే లెక్క తప్పుతుందని ఇక్కడే తెలిసిపోతుంది.

ఇల్లు, స్నేహం

పాతకాలపు తెలుగు ఇంటికి వీధి అరుగు ఉండేది. దారిన పోయేవారు ఎవరైనా కూర్చోవచ్చు, మంచినీళ్లు అడగవచ్చు. అరుగు మీద కూర్చున్నంత మాత్రాన వంటింట్లోకి వెళ్లే చనువు వచ్చినట్టు కాదు.

అమెరికా స్నేహం అరుగు వంటిది. అక్కడ చాలా ఊళ్లలో ఇంటి ముందు గోడ కూడా ఉండదు. పచ్చికబయలు నేరుగా వీధిలోకి ఉంటుంది. వచ్చిన అతిథిని “నీ ఇల్లే అనుకో” అంటారు, ఫ్రిజ్ తెరిచి కావలసింది తీసుకోమంటారు. మొదటి రోజే ఎన్నో కబుర్లు చెబుతారు. కానీ ఆ చనువు చూసి ప్రాణస్నేహం అనుకుంటే కొన్నాళ్లకు నిరాశ కలుగుతుంది. వాళ్ల ఇళ్లు కూడా మీలాగే తరచు మారుతుంటాయి. ఎక్కడికి పోయినా త్వరగా కలిసిపోవడం అక్కడ బతకడానికి కావలసిన విద్య.

ఫ్రెంచి స్నేహం ప్రహరీగోడ ఉన్న ఇల్లు. అక్కడి ఊళ్లలో గోడలు, గేట్లు, కిటికీలకు చెక్క తలుపులు కనిపిస్తాయి. పొద్దుగూకగానే ఆ తలుపులు మూస్తారు. అతిథి ముందుగదిలోనే కూర్చుంటాడు, వంటింట్లోకి చొరవగా వెళ్లడు. పరిచయానికి నెలలు పట్టవచ్చు. లోపలికి రానిచ్చాక మాత్రం నీ కష్టం వాళ్ల కష్టమే. నువ్వు తప్పు చేస్తే మొహం మీదే చెబుతారు, వాదిస్తారు కూడా. భోజనాల బల్ల దగ్గర గట్టిగా వాదించుకోవడాన్ని అమెరికా మనిషి పోట్లాట అనుకుంటాడు. ఫ్రెంచివారికి అది స్నేహానికి గుర్తు.

ఈ తేడాల మీద రేమోండ్ కరోల్ అనే మానవశాస్త్రవేత్త 1987లో ఫ్రెంచిలో ఒక పుస్తకం రాశారు. ఆమె ట్యునీషియాలో పుట్టారు, ఫ్రాన్స్‌లో చదివారు, అమెరికాలో పాఠాలు చెప్పారు. ఆమె కూడా మనలాగే చోటు మారిన మనిషి. “ఈ దేశంవాళ్లు ఇంతే” అనే మాట మన నోట వచ్చినప్పుడు అక్కడే ఆగాలని, వాళ్లలో ఆ పని ఏ కారణం చేత మామూలు అవుతుందో వెతకాలని ఆమె పద్ధతి. ఈ పాఠం మొత్తంలో మీరు వెంట తీసుకుపోవలసింది ఇదే.

మార్కులు, మెప్పు

ఇది మీకు బాగా నచ్చే విషయం. ఫ్రాన్స్‌లో మార్కులు 20కి వేస్తారు. 10 వస్తే పాస్. బడి ముగింపు పరీక్ష అయిన బకలోరియాలో 16 దాటితే ‘చాలా బాగు’ అని ధ్రువపత్రంలో రాస్తారు. 20కి 20 రావడం అరుదు. వ్యాసం చదివిన మాస్టారు “పా మాల్” అంటే పిల్లవాడు లోపల సంతోషిస్తాడు. ఆ మాటకు ‘చెడ్డగా లేదు’ అని అర్థం. మన తాతయ్య “పర్వాలేదురా” అంటే ఎంత మెప్పో మనకు తెలుసు కదా, సరిగ్గా అదే!

అమెరికా బడిలో చిన్న పనికి కూడా “గుడ్ జాబ్!” అంటారు. ముందు మెచ్చుకుని, ఆ తర్వాత దిద్దుతారు. ఫ్రాన్స్ నుంచి అమెరికా బడికి మారిన పిల్లవాడికి ఈ పొగడ్తలు తేలికగా తోస్తాయి. అమెరికా నుంచి ఫ్రాన్స్‌కు మారిన పిల్లవాడు 12 మార్కులు చూసి ఏడుస్తాడు. ఇద్దరు ఉపాధ్యాయులూ పిల్లల మేలే కోరారు. ఒకరు ధైర్యం ఇస్తే పిల్లవాడు ఎదుగుతాడని నమ్మారు, ఇంకొకరు నిక్కచ్చిగా కొలిస్తే ఎదుగుతాడని నమ్మారు. మీలో ఒక బడి నుంచి ఇంకో బడికి వచ్చి, “ఈ టీచరుకు నేనంటే ఇష్టం లేదు” అని ఇంట్లో చెప్పినవాళ్లు ఒకసారి ఆలోచించండి. ఇష్టం లేకపోవడమా, పొగిడే అలవాటు లేకపోవడమా?

కంచం, సెలవు

ఫ్రెంచివారి విందు భోజనాన్ని యునెస్కో 2010లో మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఏ వంటకానికి ఎంత రుచి అని చూసి కాదు, నలుగురూ కూర్చుని, వరుసగా ఒక్కొక్కటీ వడ్డించుకుని, మాట్లాడుకుంటూ తినే పద్ధతిని చూసి చేర్చింది. మన బంతి భోజనం గుర్తుకు వస్తుంది కదూ! అమెరికాలో మధ్యాహ్నం చేతిలో శాండ్‌విచ్ పట్టుకుని పని బల్ల దగ్గరే తినేయడం మామూలు. కారులో తినడానికి వీలుగా హోటళ్లకు ప్రత్యేకంగా కిటికీలు ఉంటాయి.

ఫ్రాన్స్‌లో ఉద్యోగులకు జీతంతో కూడిన సెలవు 1936లో రెండు వారాలతో మొదలై, 1982 నుంచి ఏడాదికి ఐదు వారాలైంది. అమెరికాలో జీతంతో సెలవు ఇచ్చి తీరాలని దేశమంతటికీ వర్తించే చట్టమే లేదు. అది కంపెనీతో ఉద్యోగి చేసుకునే ఒప్పందం మీద ఉంటుంది. ‘పని చేసి పైకి రా, నిన్నెవరూ ఆపరు’ అని ఒక సమాజం అంటుంది. ‘పనికి హద్దు ఉండాలి, ఆ హద్దును ప్రభుత్వం కాపాడాలి’ అని ఇంకొకటి అంటుంది. బద్ధకం, దురాశ అనే మాటలతో ఈ తేడాను తేల్చేయకూడదు.

బడిలో మతం, ఇంట్లో భాష

తిలక్‌నగర్ మనకు పక్కనే. అందుచేత మన తరగతుల్లో పట్కా కట్టుకుని వచ్చే సిక్కు మిత్రులు ఎప్పుడూ ఉంటారు. అదే పిల్లవాడు అమెరికాలో ప్రభుత్వ బడికి పట్కాతో వెళ్లవచ్చు. ఫ్రాన్స్ ప్రభుత్వ బడికి వెళ్లలేడు. 1905లో ఫ్రాన్స్ మతాన్నీ రాజ్యాన్నీ వేరుచేస్తూ చట్టం చేసింది. 2004లో, ప్రభుత్వ బడుల్లో కొట్టొచ్చినట్టు కనబడే మతచిహ్నాలు ధరించకూడదని ఇంకో చట్టం చేసింది. బడిలో అందరు పిల్లలూ ఒక్కలాగే కనబడాలన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. తలపాగాను శరీరంలో భాగంగా చూసే సిక్కు పిల్లవాడికి అదే ఆలోచన గాయం చేసింది. అమెరికా ఇంకో దారి పట్టింది. బడి తానుగా పిల్లల చేత ప్రార్థన చేయించకూడదని అక్కడి సుప్రీంకోర్టు 1962లో చెప్పింది. కానీ పిల్లవాడు తన నమ్మకాన్ని ఒంటి మీద ధరించి రావచ్చు.

భాష సంగతీ చూడండి. ‘రిపబ్లిక్ భాష ఫ్రెంచి’ అని ఫ్రాన్స్ తన రాజ్యాంగంలో 1992లో రాసుకుంది. జాతి ఏమిటని అక్కడి జనాభా లెక్కల్లో అడగరు. పౌరుడు అంటే పౌరుడే, అంతే. అమెరికా ప్రభుత్వానికి 2025 మార్చిలో అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చేదాకా అధికార భాష అంటూ లేదు. అక్కడి జనాభా సంస్థ ఇంట్లో ఏ భాష మాట్లాడతారని సర్వేలో అడుగుతుంది, తెలుగువారిని కూడా లెక్కిస్తుంది. అక్కడ ‘తెలుగు అమెరికన్’ అని చెప్పుకోవడం చాలా మామూలు. 1977లో మొదటి మహాసభ జరుపుకున్న తానా, 1990లో పుట్టిన ఆటా ఆ గాలిలోనే పెరిగాయి.

అయితే ఒకటి మరవకూడదు. ఒకప్పుడు ఫ్రాన్స్‌లోని బ్రెటన్ పిల్లలు బడిలో ఇంటిభాష మాట్లాడితే మెడలో ఒక వస్తువు వేలాడదీసి అవమానించేవారు. అమెరికా కూడా ఆదివాసీ పిల్లలను 1879లో పెట్టిన కార్లైల్ వంటి హాస్టల్ బడులకు పంపించి వాళ్ల భాషలను నోరెత్తనివ్వలేదు. తల్లిభాష పోగొట్టుకున్న పిల్లలు రెండు దేశాల్లోనూ ఉన్నారు.

యానాం పౌరుడు, భీమవరం శాస్త్రవేత్త

ఇప్పుడు తెలుగువారి జీవితాల్లోంచి రెండు ఉదాహరణలు చూద్దాం. 1881లో ఫ్రెంచి ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. పుదుచ్చేరి, యానాం వంటి చోట్ల ఉన్న భారతీయులు తమ కులమత ఆచారాల చట్టాన్ని వదులుకుని, ఫ్రెంచి సివిల్ చట్టాన్ని ఒప్పుకుని, ఒక ఇంటిపేరు నమోదు చేసుకుంటే చాలు, ఆ చట్టం కిందికి వస్తారు. ఇలా చేసినవాళ్లను ‘వదులుకున్నవాళ్లు’ అనే అర్థం వచ్చే ఫ్రెంచి మాటతో పిలిచేవారు. ఇదే ‘గుమ్మం దగ్గర విడిచి రా’ పద్ధతి. అక్కడా మాటకూ చేతకూ తేడా వచ్చింది. ఆచారం వదులుకున్నా ఓటర్ల జాబితాల్లో యూరోపియన్లకూ భారతీయులకూ మధ్య తేడాలు కొనసాగాయి.

ఇక రెండో ఉదాహరణ. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల మొదట్లో అమెరికా చేరారు. హార్వర్డ్ ప్రయోగశాల ఆయనకు తలుపు తెరిచింది. రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించారు. తర్వాత లెడర్లే సంస్థలో ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ వంటి మందుల వెనుక నిలిచిన పరిశోధన నడిపించారు. అదే అమెరికాలో 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు, భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. 1946లో గానీ ఆ అడ్డు తొలగలేదు. సుబ్బారావు 1948లో మరణించారు, చివరిదాకా అమెరికా పౌరుడు కాలేదు. అరుగు మీద పీట వేశారు, పని చేయనిచ్చారు, గడప దాటడానికి మాత్రం చట్టం ఒప్పుకోలేదు.

1954లో యానాం భారతదేశంలో కలిసింది. 1962 ఆగస్టు 16న ఒప్పందం అమలులోకి వచ్చినప్పుడు, ఫ్రెంచి పౌరసత్వం కావాలనుకునేవారు ఆరు నెలల్లో చెప్పాలన్నారు. తెలుగు మాట్లాడుతూ ఫ్రెంచి పాస్‌పోర్టు ఉన్న కొన్ని కుటుంబాల కథ అక్కడ మొదలైంది. ఏ దేశమైనా తలుపు తీసే తీరు ఒక్కటే కాదు, ఆ తలుపు ఎవరికి తీసిందో, ఎవరికి మూసిందో కూడా చూడాలని ఈ రెండు ఉదాహరణలు చెబుతున్నాయి.

మన బడి ఎటువైపు?

1963లో మొదలైన కేంద్రీయ విద్యాలయాలు మీవంటి బదిలీ పిల్లల కోసమే పుట్టాయి. దేశమంతటా ఒకే యూనిఫారం, ఒకే పాఠాలు. లేహ్ నుంచి వచ్చినా కాకినాడ నుంచి వచ్చినా మర్నాడే అదే పేజీ దగ్గర కూర్చోవచ్చు. ఇది ఫ్రాన్స్ పద్ధతికి దగ్గర. వార్షికోత్సవంలో ఒకరు భాంగ్రా, ఒకరు బిహు, మనం కోలాటం వేస్తాం. ఈ పత్రికలో ప్రాంతీయ భాషల విభాగం ఉంది, అందులో మీ తెలుగు ఉంది. ఇది అమెరికా పద్ధతికి దగ్గర. యూనిఫారం లేకపోతే కొత్తపిల్ల ఒంటరిదవుతుంది. కోలాటం లేకపోతే తానెవరో మరిచిపోతుంది. మనకు రెండూ కావాలి.

మేము చూసిన పిల్లల్లో కొందరు మొదటి ఏడాదిలోనే తెలుగు మాట్లాడటం మానేశారు. నవ్వుతారేమోనన్న భయంతో మానేశారు. కొందరేమో తెలుగువాళ్లతో తప్ప ఎవరితోనూ కలవలేదు. మొదటివాళ్లు గుమ్మం దగ్గర చెప్పులతోపాటు కాళ్లు కూడా వదిలేసినట్టు. రెండోవాళ్లు అరుగు మీదికే ఎక్కనట్టు. బడిలో బడి మాట, ఇంట్లో ఇంటి మాట, స్నేహితుడి ఇంట్లో స్నేహితుడి పలకరింపు నేర్చుకోండి. ఒకటి నేర్చుకోవడానికి ఇంకొకటి పారేయనక్కర్లేదు.

చివరగా ఒక హెచ్చరిక. అమెరికావాళ్లందరూ ఇలాగే, ఫ్రెంచివాళ్లందరూ అలాగే అని ఈ పాఠం చెప్పడం లేదు. టెక్సస్ రైతుకూ న్యూయార్క్ గుమాస్తాకూ తేడా ఉంది, పారిస్‌కూ మార్సేకూ తేడా ఉంది. శ్రీకాకుళానికీ అనంతపురానికీ లేదూ? సమాజం తీరు తెలిస్తే మనిషిని అర్థం చేసుకోవడం సులువు. కానీ ఎదురుగా ఉన్న మనిషిని చూడకుండా ఆ తీరునే చూస్తే మళ్లీ మొదటి పొరపాటుకే వస్తాం.

ఆలోచించండి

1. “భోంచేశారా?”, “హౌ ఆర్ యూ?” – ఈ రెండు పలకరింపుల్లో ఉన్న పోలిక ఏమిటి? మీకు తెలిసిన ఇంకో భాషలో ఇలాంటి పలకరింపు రాయండి.
2. మీ ఇంట్లో ఎవరు ఎవరిని ‘నువ్వు’ అంటారు, ఎవరిని ‘మీరు’ అంటారు? ఎందుకో పెద్దలను అడిగి తెలుసుకోండి.
3. యానాంలో ఆచారం వదులుకున్న మనిషి, అమెరికాలో సుబ్బారావు – వీరికి ఏది దక్కింది, ఏది దక్కలేదు? నాలుగు వాక్యాల్లో రాయండి.

చేసి చూడండి

మీ పాత ఊళ్లో మామూలైనదీ, ఢిల్లీలో వింతగా తోచినదీ ఒక అలవాటు ఎంచుకోండి. ఎడమవైపు “నాకు ఏమనిపించింది” అని, కుడివైపు “వాళ్లు ఎందుకు అలా చేస్తారు” అని రాయండి. కుడివైపు సొంతంగా రాయకండి, ఇక్కడి స్నేహితుణ్ని అడిగి రాయండి. అడిగేటప్పుడు ముందు పలకరించడం మరవకండి.